పిల్లల మీద పోలీసు కేసు పడితే తల్లిదండ్రులు ఏం చేయాలి?

"మా వాడిని స్టేషన్‌కి తీసుకెళ్లారు, ఏం చేయాలో తోచడం లేదు" అని అడిగేవాళ్ళలో చాలామంది అప్పటికే మూడు పనులు చేసేసి ఉంటారు. ఊళ్ళో పలుకుబడి ఉన్న ఒకాయనకి ఫోన్ చేసి ఉంటారు. పిల్లాడిని నాలుగు పీకి ఉంటారు. వాడి ఫోన్‌లో ఉన్నవన్నీ చెరిపేసి ఉంటారు. ఈ మూడూ చేయకూడనివే. చేయాల్సిన మొదటి పని బీరువా తెరిచి వాడి పుట్టిన తేదీ ఉన్న కాగితం బయటికి తీయడం.

"మా వాడు ఏ తప్పూ చేయలేదు" అని వాదించడానికి ముందు ముందు చాలా సమయం ఉంటుంది. పద్దెనిమిదేళ్ళు నిండలేదన్న సంగతి మాత్రం మొదటి రోజే రికార్డుకెక్కాలి. అది ఎక్కితే లాకప్పు, జైలు, మామూలు కోర్టు, పేపర్లో పేరు అన్నీ పక్కకి పోతాయి. ఎక్కకపోతే వాటిని ఒక్కొక్కటిగా వెనక్కి తిప్పడానికి నెలలు పడుతుంది.

ఇక్కడ రాసినదంతా మన దేశంలోని జువెనైల్ జస్టిస్ చట్టం, 2015 ప్రకారం. ఆ చట్టానికి 2021లో చేసిన సవరణలు 2022 సెప్టెంబర్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. "పిల్లాడు" అని రాసిన ప్రతిచోటా అమ్మాయికి కూడా అదే వర్తిస్తుంది.

తెలిసి ఉండాల్సిన నాలుగు ముక్కలు

లెక్కలోకి వచ్చేది సంఘటన జరిగిన రోజున ఉన్న వయసు. పట్టుకున్న రోజుది కాదు, కేసు విచారణకి వచ్చిన రోజుది కాదు. ఆ రోజుకి 17 ఏళ్ళ 11 నెలలు ఉంటే, ఇప్పుడు ఇరవై వచ్చినా కేసు పిల్లల కేసులు చూసే జువెనైల్ జస్టిస్ బోర్డు ముందుకే వెళ్ళాలి.

ఏడేళ్ళ లోపు పిల్లలు చేసింది ఏదైనా చట్టం దృష్టిలో నేరమే కాదు. ఏడు దాటి పన్నెండు లోపు ఉంటే, చేస్తున్న పని ఎలాంటిదో తెలిసేంత పరిణతి ఉందా లేదా అన్నది చూస్తారు.

బోర్డులో ఒక మేజిస్ట్రేట్, ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉంటారు. ఆ ఇద్దరిలో కనీసం ఒకరు మహిళ అయి ఉండాలి.

నేరాలు మూడు రకాలు. గరిష్ఠ శిక్ష మూడేళ్ళు లేదా అంతకు తక్కువ ఉంటే చిన్న నేరం. కనీస శిక్షే ఏడేళ్ళు లేదా అంతకు మించి ఉంటే హేయమైన నేరం. మధ్యలోవి తీవ్రమైన నేరాలు. ఇక్కడ తికమక పడేవాళ్ళు ఎక్కువ. హత్యాయత్నం అనగానే గుండె జారిపోతుంది గానీ, దానికి పదేళ్ళ దాకా, గాయమైతే యావజ్జీవం దాకా శిక్ష ఉన్నా కనీస శిక్ష అంటూ లేదు కాబట్టి అది మధ్య రకంలోకే వస్తుంది. 2020లో శిల్పా మిట్టల్ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చింది, 2021 సవరణ దాన్ని చట్టంలోనే చేర్చింది. హత్య, అత్యాచారం, వాణిజ్య పరిమాణంలో గంజాయి (20 కిలోలకి మించి) దొరకడం లాంటివి హేయమైన నేరాల కిందకి వస్తాయి. మీ వాడి మీద పెట్టిన సెక్షన్ ఏ రకంలోకి వస్తుందో లాయర్‌ని మొదటి రోజే అడిగి రాసిపెట్టుకోండి.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- పదో తరగతి మార్కుల మెమో. పది పాసవ్వకపోతే బడి ఇచ్చిన పుట్టిన తేదీ సర్టిఫికెట్
- మున్సిపాలిటీ లేదా పంచాయతీ ఇచ్చిన జనన ధ్రువపత్రం
- స్టడీ సర్టిఫికెట్లు, ఈ ఏడాది హాజరు వివరాలు, ప్రోగ్రెస్ కార్డులు
- పిల్లాడికి మూర్ఛ, మానసిక సమస్య, చదువులో వెనకబాటు లాంటివేమైనా ఉంటే పాత ఆసుపత్రి చీటీలు
- తల్లిదండ్రుల గుర్తింపు కార్డులు, ఇంటి చిరునామా రుజువు
- ఒక నోటు పుస్తకం. ఎవరు ఎప్పుడు వచ్చారు, ఏం అన్నారు, ఎక్కడ సంతకం పెట్టించుకున్నారు అన్నది తేదీ, టైంతో సహా అందులో రాయాలి

ప్రతిదీ నాలుగైదు జిరాక్సులు తీయించండి. ఒరిజినల్ ఎవరి చేతికీ ఇవ్వకండి. బోర్డు అడిగితే చూపించి వెనక్కి తీసుకోండి.

1. స్టేషన్‌కి బయల్దేరే ముందు రెండు ఫోన్లు

మొదటిది లాయర్‌కి. తెలిసిన లాయర్ లేకపోతే 15100కి చేయండి. అది న్యాయ సేవాధికార సంస్థ ఉచిత నంబరు. పిల్లలకి ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టంలోనే ఉంది, దానికి తల్లిదండ్రుల ఆదాయంతో సంబంధం లేదు. "మాకు తెల్ల కార్డు లేదండీ, మాకివ్వరు" అనుకుని ఆగిపోకండి. జిల్లా కోర్టు ఆవరణలోనే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది.

రెండోది 1098కి. అది పిల్లల సహాయ నంబరు. పిల్లాడు ఎక్కడున్నాడో తెలియకపోయినా, స్టేషన్‌లో కొడుతున్నారని అనుమానం ఉన్నా ఇది పనికొస్తుంది.

డబ్బు పెట్టి లాయర్‌ని పెట్టుకునేవాళ్ళు ఒకే ప్రశ్న అడగండి: "మీరు జువెనైల్ బోర్డులో కేసులు చేశారా?" క్రిమినల్ కోర్టులో పేరున్న లాయర్ కూడా బోర్డు పద్ధతి తెలియక మామూలు బెయిలు పిటిషన్ వేసి రోజులు పోగొట్టగలడు. అంతకంటే న్యాయ సేవాధికార సంస్థ ఇచ్చే, బోర్డుకి రోజూ వెళ్ళే ప్యానల్ లాయర్ నయమని నా అభిప్రాయం.

2. స్టేషన్‌లో

గొంతు పెంచకండి, బతిమాలకండి. ఈ ప్రశ్నలు అడిగి జవాబులు నోటు పుస్తకంలో రాసుకోండి:

- మా వాడిని ఎప్పుడు, ఎక్కడి నుంచి తీసుకొచ్చారు?
- ఏ సెక్షన్లు? ఎఫ్ఐఆర్ కట్టారా, లేక జనరల్ డైరీలో (స్టేషన్‌లో రోజూ రాసే పుస్తకం) రాశారా? నంబరెంత?
- బాలల సంక్షేమ పోలీసు అధికారి ఎవరు? ప్రతి స్టేషన్‌లో ఒకరిని ఆ బాధ్యతకి నియమించి ఉండాలి.
- బోర్డు ముందు ఎప్పుడు హాజరుపరుస్తారు?

ఎఫ్ఐఆర్ సంగతి ఎందుకంటే, 2016లో కేంద్రం ఇచ్చిన మాదిరి నియమాల ప్రకారం నేరం హేయమైనదైతేనో, పెద్దవాళ్ళతో కలిసి చేశాడన్న ఆరోపణ ఉంటేనో తప్ప పిల్లల మీద ఎఫ్ఐఆర్ కట్టకూడదు. మిగతా వాటిలో డైరీలో రాసి, పిల్లాడి కుటుంబ నేపథ్యం రాసిన నివేదికతో బోర్డుకి పంపాలి. అసలు హేయమైన నేరం కాకపోతే పిల్లాడిని పట్టుకుని ఉంచడమే మామూలుగా కుదరదు. ఆచరణలో ఇది తప్పుతూనే ఉంటుంది. స్టేషన్‌లో వాదనకి దిగకుండా లాయర్‌కి చెప్పండి, అది బోర్డు ముందు లేవనెత్తాల్సిన విషయం.

స్టేషన్‌లో జరగకూడనివి: లాకప్పులో పెట్టడం, బేడీలు వేయడం, కొట్టడం, ఒప్పుకోమని ఒత్తిడి చేయడం, ఏ కాగితం మీదైనా పిల్లాడి సంతకం తీసుకోవడం. విచారించేటప్పుడు తల్లిదండ్రులు పక్కన ఉండవచ్చు. అమ్మాయి అయితే మహిళా పోలీసు ఉండాలని అడగండి.

జాగ్రత్త: "ఈ కాగితం మీద సంతకం పెట్టించండి, రాత్రికే ఇంటికి పంపేస్తాం" అంటే ఒప్పుకోకండి. మీ సంతకం అడిగినా పూర్తిగా చదివాకే పెట్టండి. ఖాళీ తెల్ల కాగితం మీద ఎవరూ పెట్టొద్దు. పిల్లాడిని మీకు అప్పగిస్తూ రాయించుకునే హామీ పత్రం వేరు, అది మామూలే. దాని కాపీ అడగండి.

సరిగా జరిగిందా? ఇంటికి వచ్చేసరికి మీ పుస్తకంలో నాలుగు ఉండాలి: నంబరు, సెక్షన్లు, అధికారి పేరు, బోర్డు ముందుకి తీసుకెళ్ళే టైం. ఏది లేకపోయినా మళ్ళీ అడగాలి.

3. వయసు కాగితం

చట్టంలో 94వ సెక్షన్ ఒక వరుస చెప్పింది. మొదట బడి ఇచ్చిన పుట్టిన తేదీ సర్టిఫికెట్ లేదా పదో తరగతి సర్టిఫికెట్. అది లేకపోతే మున్సిపాలిటీ, పంచాయతీ జనన ధ్రువపత్రం. అదీ లేనప్పుడే ఎముకల పరీక్ష. బోర్డు ఆదేశించిన 15 రోజుల్లో ఆ పరీక్ష పూర్తి చేయాలి.

పొరపాట్లు ఎక్కువగా ఇక్కడే జరుగుతాయి.

ఒకటి, ఆధార్ జిరాక్సు ఒక్కటే పట్టుకెళ్ళడం. ఆధార్ గుర్తింపు కోసమేగానీ పుట్టిన తేదీకి రుజువు కాదని 2024లో సుప్రీంకోర్టు చెప్పింది.

రెండు, టీసీ చాలనుకోవడం. టీసీ, అడ్మిషన్ రిజిస్టర్ నకలు సెక్షన్ అడిగిన పత్రాలు కావని 2023లో ఒక పోక్సో (పిల్లల మీద లైంగిక నేరాల చట్టం) కేసులో సుప్రీంకోర్టు అంది. పదో తరగతి మెమో లేకపోతే హెడ్మాస్టర్‌ని కలిసి, బడి లెటర్‌హెడ్ మీద, ముద్రతో, పుట్టిన తేదీ సర్టిఫికెట్ అని విడిగా రాయించుకోండి. అడ్మిషన్ రిజిస్టర్‌ను అవసరమైతే బోర్డు ముందుకి తెస్తారా అని కూడా అడిగి ఉంచండి.

మూడు, రెండు కాగితాల్లో రెండు తేదీలు ఉండటం. బళ్ళో చేర్చేటప్పుడు ఏడాది అటూ ఇటూ వేయించడం మనకి కొత్త కాదు. అలాంటప్పుడు నచ్చిన కాగితం ఇచ్చి రెండోది దాచకండి. రెండూ లాయర్‌కి చూపించి, ఏది ఎలా పెట్టాలో ఆయన్నే నిర్ణయించమనండి. తేదీ దిద్దడం, కొత్తగా "పుట్టించిన" సర్టిఫికెట్ తేవడం అస్సలు వద్దు. పిల్లాడి కేసు బోర్డులో ఉండగా మీ మీద ఫోర్జరీ కేసు వేరే కోర్టులో నడుస్తుంది.

పోలీసులు 19 అని రాసి మామూలు మేజిస్ట్రేట్ ముందు పెట్టేస్తే? అక్కడే, ఆ క్షణమే, లాయర్ ద్వారా వయసు సంగతి చెప్పించండి. ఏ కోర్టులోనైనా, ఏ దశలోనైనా, చివరికి తీర్పు వచ్చాక కూడా ఈ అభ్యర్థన పెట్టవచ్చు. అయితే ఆలస్యమైన ప్రతి రోజూ పిల్లాడు పెద్దవాళ్ళ జైల్లో ఉంటాడు.

సరిగా జరిగిందా? మొదటి హాజరు రోజు బోర్డు ఇచ్చిన ఆర్డరులో ఏ పుట్టిన తేదీ రాశారో, ఏ కాగితం చూసి రాశారో చదవండి. "సుమారు 17 సంవత్సరాలు" అని మాత్రమే ఉంటే పని పూర్తికాలేదు.

4. పిల్లాడితో ఏం మాట్లాడాలి

దొరికిన మొదటి అవకాశంలో మూడే మాటలు చెప్పండి. "నీ వెనక మేమున్నాం. అబద్ధం చెప్పకు, కానీ లాయర్ లేకుండా జరిగినదంతా ఎవరికీ చెప్పకు. దేని మీదా సంతకం పెట్టకు."

చాలామంది తల్లిదండ్రులు గట్టిగా పట్టుకుని మొత్తం కథ కక్కిస్తారు. మీకెంత టెన్షన్‌గా ఉన్నా వద్దు. క్లయింట్ లాయర్‌కి చెప్పినదాన్ని చట్టం కాపాడుతుంది. బిడ్డ తల్లికో తండ్రికో చెప్పినదానికి మన సాక్ష్య చట్టంలో అలాంటి రక్షణ లేదు. రేపు మిమ్మల్నే సాక్షిగా పిలిస్తే ఇరుకున పడతారు. మొత్తం కథ లాయర్‌కే, లాయర్ ఒక్కరే ఉన్నప్పుడు, వాడి మాటల్లోనే చెప్పనివ్వండి. మీరు గదిలో ఉంటే వాడు నిజం దాచే అవకాశమే ఎక్కువ.

5. బోర్డు ముందు మొదటి హాజరు

ప్రయాణ సమయం మినహాయించి 24 గంటల్లోపు బోర్డు ముందు పెట్టాలి. ఆ రోజు బోర్డు కూర్చోకపోతే సభ్యుల్లో ఒక్కరి ముందైనా పెట్టవచ్చు. కాబట్టి "సోమవారం దాకా బోర్డు లేదు" అన్న జవాబు చెల్లదు.

మీరు తప్పకుండా వెళ్ళండి. అమ్మా నాన్నా ఇద్దరూ వెళ్తే ఇంకా మంచిది, ఎందుకంటే పిల్లాడిని చూసుకునే ఇల్లు ఉందన్న సంగతి ముందుగా కళ్ళకి కనబడేది అక్కడే. వాడి ఒంటి మీద దెబ్బలుంటే ఆ రోజే చెప్పాలి. లాయర్ చెబితే సరే, లేకపోతే మీరే లేచి చెప్పండి: దెబ్బలున్నాయి, వైద్య పరీక్ష చేయించి రికార్డు చేయండి అని. వారం తర్వాత చెబితే దెబ్బలు మానిపోతాయి, ఎవరూ నమ్మరు.

పెద్దవాళ్ళతో కలిపి పట్టుకుని ఉంటే, వాళ్ళ కేసుతో కలిపి విచారించకూడదు. వాళ్ళ లాయరే మీ వాడికీ వకాల్తా వేస్తానంటే ఒప్పుకోకండి. ఆ పెద్దల రక్షణ చాలాసార్లు "అంతా ఈ పిల్లాడే చేశాడు" అన్న దారిలో వెళ్తుంది.

6. బెయిలు

12వ సెక్షన్ ప్రకారం బెయిలబుల్, నాన్ బెయిలబుల్ అన్న తేడా లేకుండా పిల్లాడిని విడుదల చేయడమే నియమం. జామీను ఉన్నా లేకపోయినా ఇవ్వవచ్చు. కాదనడానికి మూడే కారణాలు: బయటికొస్తే పేరుమోసిన నేరగాళ్ళతో కలుస్తాడని, వాడికి నైతికంగానో శారీరకంగానో మానసికంగానో ప్రమాదం ఉందని, విడుదల వల్ల న్యాయం దెబ్బతింటుందని. కాదంటే బోర్డు కారణం రాయాలి.

కాబట్టి బెయిలు పిటిషన్‌లో "నిర్దోషి" అని పేజీలు నింపడం కన్నా ఈ మూడింటికి జవాబు చెప్పే ఆధారాలు పెట్టడం ముఖ్యం. ఆ స్నేహితుల బృందం అదే వీధిలో ఉంటే, కొన్నాళ్ళు వేరే ఊళ్ళో పిన్ని ఇంట్లోనో తాతగారింట్లోనో ఉంచుతామని, వాళ్ళ అంగీకార పత్రంతో సహా ఇవ్వండి. బడికి మళ్ళీ పంపుతామని హెడ్మాస్టర్ ఉత్తరం జతచేయండి. ఏదైనా వ్యసనం ఉంటే చికిత్సకి చేర్చే ఏర్పాటు చూపించండి. అవతలి కుటుంబం కోపంగా ఉంది, పిల్లాడికి ప్రమాదం అని పోలీసులు అంటే, దానికీ ఈ వేరే ఊరి ఏర్పాటే జవాబు.

బెయిలు ఇచ్చినా షరతులు తీర్చలేక ఏడు రోజులు దాటితే, షరతులు మార్చమని అడగడానికి పిల్లాడిని మళ్ళీ బోర్డు ముందు పెట్టాలి. జామీనుదారు దొరక్క నెలల తరబడి అబ్జర్వేషన్ హోమ్‌లో (విచారణ జరిగేటప్పుడు పిల్లలని ఉంచే చోటు) ఉండిపోయే పరిస్థితి రానివ్వకండి.

బెయిలు కాదంటే ఆర్డరు కాపీ తీసుకుని 30 రోజుల్లో పై కోర్టుకి అప్పీలు వేయవచ్చు. తర్వాత హైకోర్టులో రివిజన్ దారి ఉంది.

ఇంకా పట్టుకోకముందే ముందస్తు బెయిలు పెట్టవచ్చా అని అడిగేవాళ్ళున్నారు. దీని మీద హైకోర్టులు వేర్వేరు తీర్పులిచ్చాయి. సొంతంగా నిర్ణయించుకుని పిల్లాడిని చుట్టాలింట్లో దాచకండి, లాయర్‌తో మాట్లాడి బోర్డు ముందుకే తీసుకెళ్ళడం చాలాసార్లు మేలు చేస్తుంది.

సరిగా జరిగిందా? బెయిలు ఆర్డరు కాపీ చేతిలో ఉండాలి. అందులో షరతులు, తర్వాతి వాయిదా తేదీ చదివి గోడ మీద క్యాలెండర్‌లో రాయండి.

7. అబ్జర్వేషన్ హోమ్‌లో ఉంచితే

అది జైలు కాదు. కానీ అక్కడ కూడా పిల్లలు బెదురుతారు. కలవడానికి ఏ రోజుల్లో, ఏ టైంలో రానిస్తారో సూపరింటెండెంట్‌ని అడిగి తప్పకుండా వెళ్ళండి. రోజూ వేసుకునే మందులుంటే చీటీతో సహా అధికారికే అప్పగించి, ఇచ్చినట్టు రాయించుకోండి. ప్రతిసారీ ఒళ్ళు, ముఖం, నిద్ర, తిండి గమనించండి. తేడా కనిపిస్తే తర్వాతి వాయిదా దాకా ఆగకుండా లాయర్ చేత బోర్డుకి అర్జీ పెట్టించండి. పరీక్షలు దగ్గరపడితే రాయనివ్వమని బోర్డుని ముందే అడగాలి, హాల్ టికెట్ జతచేసి.

8. ప్రొబేషన్ అధికారి ఇంటికి వచ్చినప్పుడు

కుటుంబం, చదువు, స్నేహాలు, అలవాట్ల మీద బోర్డు ఆదేశంతో వచ్చే ఈయన రెండు వారాల్లో సామాజిక పరిశోధన నివేదిక ఇవ్వాలి. బోర్డు దాన్ని చాలా పట్టించుకుంటుంది. ఆశ్చర్యంగా, మనవాళ్ళు అన్నిటికంటే తేలిగ్గా తీసుకునేది దీన్నే. "ఎవరో ఎంక్వయిరీకి వచ్చాడు" అని గుమ్మంలోనే మాట్లాడి పంపేస్తారు.

కూర్చోబెట్టండి, ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఇంట్లో తాగుడు, గొడవలు ఉంటే దాచినా పక్కింట్లో అడిగి తెలుసుకుంటారు. దానికి మీరేం చేస్తున్నారో చెప్పడం మేలు. పిల్లాడి గురించి మంచిగా చెప్పగల టీచరు, ఆటల కోచ్, పని నేర్పిన మేస్త్రీ పేర్లు ఇవ్వండి. నేరం జరిగిందా లేదా అన్న చర్చ ఆయనతో పెట్టుకోకండి, అది లాయర్ పని.

9. పదహారు దాటి, హేయమైన నేరం అయితే

ఇది అన్నిటికంటే కీలకమైన మలుపు. 16 నుంచి 18 మధ్య వయసుండి, నేరం హేయమైనదైతే బోర్డు ప్రాథమిక అంచనా వేస్తుంది: నేరం చేయగల మానసిక, శారీరక సామర్థ్యం ఉందా, పర్యవసానం అర్థమయ్యే శక్తి ఉందా, ఏ పరిస్థితుల్లో జరిగిందని చెబుతున్నారు. ఆ తర్వాత కేసుని బాలల కోర్టుకి పంపి పెద్దవాడిలా విచారించాలా లేదా అన్నది తేలుతుంది. నేరం చేశాడా లేదా అన్నది ఈ దశలో తేల్చరు. అది మర్చిపోయి అమాయకత్వం మీదే వాదించి ఈ అవకాశం పోగొట్టుకునేవాళ్ళున్నారు.

ఇక్కడ పనికొచ్చేవి మీరు మొదట్లో దాచిన పాత కాగితాలు: ఆసుపత్రి చీటీలు, బళ్ళో వెనకబాటు, కౌన్సెలింగ్ రికార్డులు. సైకాలజిస్టు పరీక్ష జరిగితే ఆ నివేదిక కాపీ లాయర్ అడగాలి, దాని మీద మాట్లాడే అవకాశం కోరాలి. బోర్డు సభ్యుల్లో పిల్లల మనస్తత్వం చదివినవారెవరూ లేకపోతే నిపుణుల సాయం తీసుకోవడం తప్పనిసరి అని 2022లో సుప్రీంకోర్టు అంది. అంచనా మీ వాడికి వ్యతిరేకంగా వస్తే 30 రోజుల్లో సెషన్స్ కోర్టుకి అప్పీలు. పెద్దవాడిలా విచారించినా మరణశిక్ష గానీ, విడుదలకి వీల్లేని యావజ్జీవం గానీ వేయకూడదు. ఇరవై ఒకటి నిండే దాకా సురక్షిత స్థలంలోనే ఉంచాలి, జైలుకి పంపకూడదు.

ఈ మధ్య ఈ దశకి వస్తున్న కేసుల్లో ప్రేమ వ్యవహారాలు తక్కువేం కాదు. ఇద్దరూ పదిహేడేళ్ళవాళ్ళే, ఇష్టపడే వెళ్ళారు, అమ్మాయి వాళ్ళు పోక్సో కేసు పెట్టారు. పద్దెనిమిది లోపు వాళ్ళ ఇష్టానికి చట్టంలో విలువ లేదు, కాబట్టి "ఇష్టపడే వెళ్ళారు" అన్నది కేసుని దానంతటది మూసేయదు. కానీ బెయిలు దగ్గర, అంచనా దగ్గర పరిస్థితులుగా బలంగా పనికొస్తుంది. పాత మెసేజ్‌లు అలాగే ఉంచి లాయర్‌కి చూపించండి.

10. విచారణ

మొదటి హాజరు నుంచి నాలుగు నెలల్లో విచారణ ముగించాలి, బోర్డు తనంతట పొడిగించగలిగేది మహా అయితే ఇంకో రెండు నెలలు. చిన్న నేరమైతే ఆ పొడిగించిన గడువు కూడా దాటితే కేసు అక్కడితో ముగిసిపోవాలి. బోర్డు తనంతట తాను గుర్తుచేసుకుంటుందని కూర్చోకండి. ఆ తేదీ మీరే లెక్కేసి, దాటిన మర్నాడే అర్జీ వేయించండి.

"ఒప్పుకుంటే మందలించి పంపేస్తారు, పని అయిపోతుంది" అనే సలహా మీకు కచ్చితంగా వస్తుంది. ఎక్కువగా కోర్టు వరండాలో. నిజంగా చేసి ఉంటే ఒప్పుకోవడం సరైన దారి కావచ్చు. చేయనిదాన్ని వాయిదాల విసుగుతో ఒప్పించకండి. ఆ నిర్ణయం పిల్లాడు, లాయర్ కూర్చుని, సాక్ష్యం ఏముందో చూసుకున్నాక తీసుకోవాలి.

ఒక్క వాయిదా కూడా మానకండి. జ్వరమైతే డాక్టర్ చీటీతో లాయర్ ద్వారా అర్జీ పంపండి.

11. ఆర్డరు వచ్చాక

తప్పు రుజువైతే బోర్డు చేయగలిగేవి: మందలించి పంపడం, కౌన్సెలింగ్, సమాజ సేవ, జరిమానా, ప్రొబేషన్ మీద (మంచి నడవడిక షరతుతో) తల్లిదండ్రులకి అప్పగించడం, గరిష్ఠంగా మూడేళ్ళు స్పెషల్ హోమ్‌లో (తప్పు రుజువైన పిల్లలని ఉంచే చోటు) ఉంచడం. ఆర్డరు సర్టిఫైడ్ కాపీ తీసుకుని బడి సర్టిఫికెట్లతో పాటు భద్రపరచండి. అప్పీలుకి 30 రోజులు.

24వ సెక్షన్ ప్రకారం ఈ కేసు వల్ల ఉద్యోగానికో చదువుకో అనర్హత రాకూడదు, నిర్ణీత కాలం తర్వాత రికార్డులు ధ్వంసం చేయాలి. పదహారు దాటి బాలల కోర్టులో పెద్దవాడిలా విచారణ జరిగి శిక్షపడినవాళ్ళకి మాత్రం ఇది వర్తించదు. ముగిసిన కేసు వివరాలను క్యారెక్టర్ సర్టిఫికెట్ కోసం పోలీసులు బయటపెట్టకూడదు. ఐదారేళ్ళ తర్వాత పాస్‌పోర్టు వెరిఫికేషన్‌లో పాత కేసు ఎత్తితే ఆ ఆర్డరు కాపీ, 24, 74 సెక్షన్లు చూపించి అర్జీ ఇవ్వాలి. ఉద్యోగ దరఖాస్తులో "మీ మీద కేసులున్నాయా" అన్న గడి నింపే ముందు లాయర్‌ని అడగండి.

కేసు నడిచినన్ని రోజులూ చేయకూడనివి

ఫోన్ ఫార్మాట్ కొట్టడం, బట్టలు ఉతికేయడం, కత్తి బావిలో పడేయడం. సాక్ష్యం మాయం చేయడం విడిగా ఒక నేరం, అది చేసింది పెద్దవాళ్ళైతే వాళ్ళకి బోర్డు రక్షణ ఉండదు.

అవతలి కుటుంబం ఇంటికి పెద్దమనుషులతో వెళ్ళి కూర్చోవడం. రాజీకి వీలున్న కేసులున్నాయి, కానీ అది లాయర్ల ద్వారా, బోర్డుకి తెలిసి జరగాలి. పోక్సోలో అయితే ఆ గడప తొక్కనే వద్దు. బెదిరించారని ఇంకో ఫిర్యాదు వస్తే ముందు పోయేది బెయిలే.

వాట్సాప్ స్టేటస్‌లో "మా బాబు నిర్దోషి" అని ఫోటోతో పెట్టడం. 74వ సెక్షన్ ప్రకారం పిల్లాడి పేరు, ఫోటో, బడి, చిరునామా ఎవరూ బయటపెట్టకూడదు. ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఛానల్ వాళ్ళు వేస్తే స్క్రీన్‌షాట్, టైం రాసుకుని బోర్డుకి ఫిర్యాదు చేయవచ్చు. మీరే పెట్టుకుంటే ఎవరి మీద చేస్తారు?

బండి కేసులు వేరే చెప్పాలి. మైనరు బండి నడిపి ప్రమాదం చేస్తే, 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టంలో 199ఏ సెక్షన్ కింద తల్లిదండ్రుల మీద లేదా బండి యజమాని మీద కూడా కేసు: మూడేళ్ళ దాకా జైలు, 25 వేల జరిమానా, బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు, పిల్లాడికి 25 ఏళ్ళు వచ్చేదాకా లైసెన్సు లేదు. అంటే మీకూ లాయర్ కావాలి, అదీ మీ వాడి లాయర్ కాకుండా ఇంకొకరైతే మంచిది. తాళాలు నాకు తెలియకుండా తీశాడు అన్నది మీ రక్షణ అవుతుంది, వాడికి భారం అవుతుంది.

సంఘటన రోజుకే పద్దెనిమిది నిండి ఉంటే

అప్పుడు బోర్డు లేదు, మామూలు కోర్టే. 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు పెట్టాలన్న నియమం అక్కడా ఉంది. కస్టడీలో ఉన్నవాళ్ళకి ఆదాయంతో పని లేకుండా ఉచిత లాయర్ దొరుకుతాడు, నంబరు అదే 15100. రిమాండ్ మొదలైన రోజు నుంచి లెక్కేసి, నేరాన్ని బట్టి 60 లేదా 90 రోజుల్లో పోలీసులు ఛార్జిషీటు వేయకపోతే బెయిలు హక్కుగా వస్తుంది. కానీ గడువు దాటిన తర్వాత, ఛార్జిషీటు పడకముందే పిటిషన్ వేయాలి. అందుకే 61వ రోజున లేదా 91వ రోజున కోర్టు తెరిచే టైంకి లాయర్ అక్కడ ఉండేలా ముందు రోజే మాట్లాడుకోండి.